పైలట్ల చేతిలోని టాబ్లెట్‌పై ఎంతవరకు ఆధారపడవచ్చు?

కిటికీసీటు (ప్రశ్న)

నేను పైలట్‌ను కాను; సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగంలో ఉన్నవాడిని. పైలట్లు ఇదివరకు మోసుకెళ్లిన బరువైన సంచుల స్థానంలో ఇప్పుడు టాబ్లెట్లు వచ్చాయని, చార్టులు (విమాన మార్గాలనూ విమానాశ్రయాలనూ చూపే పటాలు), మాన్యువళ్లు, వాతావరణ సమాచారం, టేకాఫ్ లెక్కలు అన్నీ వాటిలోనే ఉంటున్నాయని చదివినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. 2015 ఏప్రిల్ 28న అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల ఐప్యాడ్‌లలో చార్టుల యాప్ ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. పదుల సంఖ్యలో విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్ని బయలుదేరబోతూ వెనక్కి తిరిగి గేటుకు వచ్చాయి. వాషింగ్టన్‌లోని రీగన్ విమానాశ్రయానికి సంబంధించిన ఒక చార్టు డేటాబేస్‌లో రెండుసార్లు చేరడమే దానికి కారణమని తరువాత తెలిసింది.

మా వృత్తిలో ఇటువంటి లోపాన్ని చాలా మామూలు లోపంగా చూస్తాం. అంత మామూలు లోపం ఒకేసారి అన్ని కాక్‌పిట్లలోనూ బయటపడగలిగినప్పుడు, ఇద్దరు పైలట్ల దగ్గర రెండు టాబ్లెట్లు ఉన్నాయన్న భరోసాకు అర్థం ఏమిటి? అదే లోపం నేల మీద కాకుండా ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో బయటపడితే పైలట్లు ఏం చేస్తారు? అసలు ఈ పరికరం ఆగిపోవడాన్ని విమానయాన రంగం ఎంత తీవ్రమైన విషయంగా పరిగణిస్తుంది? ఈ రంగంలో పనిచేసేవారు ఎవరైనా వివరించగలరని ఆశిస్తున్నాను.

కుడిసీటు

కిటికీసీటు గారూ, నేను ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా పనిచేస్తున్నాను. టాబ్లెట్ ఆగిపోయినంత మాత్రాన విమానం నడవడానికి ఏ ఆటంకమూ ఉండదు. మేము ఎలక్ట్రానిక్ ఫ్లైట్ బ్యాగ్, లేదా క్లుప్తంగా ఈఎఫ్‌బీ, అని పిలిచే ఈ పరికరానికి విమానాన్ని నడిపే వ్యవస్థలపై ఎటువంటి అధికారమూ ఉండదు. కొన్ని విమానాలలో అది విమానం నుంచి సమాచారాన్ని చదువుకోగలదు గాని, ఆటోపైలట్‌కు ఆదేశం ఇవ్వలేదు. దారి చూపే పని విమానంలోనే అమర్చి ఉన్న ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌ది. దానికి సొంత నావిగేషన్ డేటాబేస్ ఉంటుంది. బయలుదేరే మార్గాలూ, దిగే మార్గాలూ, వాటిలోని బిందువులూ, ఎత్తు పరిమితులూ అందులోనే నిక్షిప్తమై ఉంటాయి. చార్టులకూ ఆ డేటాబేస్‌కూ ప్రపంచమంతటా ఒకే 28 రోజుల సవరణ చక్రం వర్తిస్తుంది.

కాబట్టి ఆకాశంలో రెండు టాబ్లెట్లూ ఒకేసారి మొరాయించినా, మేము ఎక్కడ ఉన్నామో, ఎటు వెళ్లాలో తెలియని స్థితి రాదు. దిగవలసిన మార్గం కంప్యూటర్‌లో ఉంటుంది. చార్టు మీద చూసుకోవలసిన ఫ్రీక్వెన్సీలు, కనీస ఎత్తులు, దిగడం కుదరక తిరిగి పైకి లేవవలసి వస్తే పాటించవలసిన పద్ధతి వంటివాటిని కంట్రోలర్‌ను అడిగి తెలుసుకోవచ్చు, లేదా ఏకార్స్ (విమానానికీ నేలకూ మధ్య రాతసందేశాలు పంపే వ్యవస్థ) ద్వారా, నేల మీద నుంచి విమానాన్ని పర్యవేక్షించే సంస్థ డిస్పాచర్ నుంచి తెప్పించుకోవచ్చు. పని పెరుగుతుంది, మాటలు పెరుగుతాయి, వాతావరణం బాగాలేని రాత్రి అయితే అది చిన్న విషయం కూడా కాదు. అయినా, దానికదిగా అది ప్రాణాపాయం కాదు. యాప్‌లోని సమాచారమంతా ముందుగానే పరికరంలో దించుకొని ఉంటుంది కనుక గాలిలో ఇంటర్నెట్ లేకపోవడం వల్ల చార్టులు మాయమవవు.

నేల మీద పరిస్థితి వేరు. కనీసం ఇన్ని పరికరాలు పనిచేస్తూ ఉండాలి, వాటిలో ఇంత ఛార్జి ఉండాలి, డేటా గడువు తీరి ఉండకూడదు అన్న షరతులు నెరవేరకుండా బయలుదేరడానికి వీలులేదు. 2015లో విమానాలు వెనక్కి రావడం ఆ నియమం పనిచేసిందనడానికే నిదర్శనమని నా అభిప్రాయం. యాప్‌ను తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే అప్పటి పరిష్కారం, అందుకు వైఫై కావాలి, వైఫై గేటు దగ్గరే దొరుకుతుంది.

రెండు టాబ్లెట్ల గురించి మీరు అడిగినది మాత్రం సరైన ప్రశ్న. ఒకే తయారీ, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే యాప్, ఒకే డేటా ఉన్న రెండు పరికరాలు బ్యాటరీ చెడిపోవడం, తెర పగలడం వంటి విడివిడి లోపాల నుంచే కాపాడతాయి. ఉమ్మడి లోపం నుంచి కాపాడలేవు. అందువల్లనే ఇద్దరు పైలట్లూ ఒకే సమయంలో అప్‌డేట్ చేయకూడదని, ఒకరి పరికరం సక్రమంగా ఉందని తేలాకే రెండవది ముట్టుకోవాలని కొన్ని సంస్థలు పద్ధతి పెట్టుకున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్‌ను కూడా సంస్థ పరీక్షించి అనుమతించేదాకా పైలట్ తనంతట తాను ఎక్కించుకోకూడదు.

టార్క్‌రెంచ్

కుడిసీటు గారు సాఫ్ట్‌వేర్ వైపు చెప్పారు. నేను మెయింటెనెన్స్ వైపువాడిని కనుక వస్తువు వైపు చెబుతాను. కాక్‌పిట్‌లో టాబ్లెట్ అంటే ముందుగా గాజు, లోహం, లిథియం బ్యాటరీ కలిసిన ఒక పలక. అది ఎక్కడ ఉంది, దేనికి బిగించి ఉంది అన్నది తెర మీద కనిపించే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న అని నా నమ్మకం.

2022 జులైలో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో అడవి మంటలను ఆర్పే పనిలో ఉన్న ఒక సీహెచ్-47డీ చినూక్ హెలికాప్టర్ నదిలో నుంచి నీళ్లు తోడబోతూ కూలిపోయి, అందులోని ఇద్దరు పైలట్లూ మరణించారు. బిగించకుండా ఉంచిన ఒక ఐప్యాడ్ జారి కిందపడి, కాళ్ల దగ్గరి పెడళ్లలో ఇరుక్కుపోవడం ఆ ప్రమాదానికి దారితీసిందని అక్కడి దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఇటువంటి సంఘటనలో పరికరం సక్రమంగా పనిచేస్తూ ఉందా లేదా అన్నది అప్రస్తుతం. దీనికి ముందు 2014 ఫిబ్రవరిలో బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన వాయేజర్ విమానంలో ఒక కెమెరా, విమానాన్ని నడిపే పక్క కర్ర అయిన సైడ్‌స్టిక్‌కూ సీటు చేతికీ నడుమ ఇరుక్కుంది. కెప్టెన్ సీటును ముందుకు జరిపినప్పుడు ఆ కెమెరా స్టిక్‌ను ముందుకు నెట్టడంతో, విమానం అర నిమిషం లోపు 4,400 అడుగులు కిందికి దిగిపోయింది. అది టాబ్లెట్ కాకపోయినా, కాక్‌పిట్‌లోకి వచ్చే ప్రతి విడి వస్తువుకూ ఆ పాఠం వర్తిస్తుంది. అందుకే టాబ్లెట్‌ను బిగించే మౌంట్ ఎక్కడ పెట్టాలి, కంట్రోళ్లను పూర్తిగా తిప్పినప్పుడు అది అడ్డం వస్తుందా, అత్యవసరంగా బయటపడవలసి వస్తే దారి మూసుకుపోతుందా అన్నవన్నీ అనుమతి ఇచ్చేముందు పరిశీలిస్తారు. విమాన పరికరాల మీద దాని రేడియో తరంగాల ప్రభావాన్నీ, క్యాబిన్ పీడనం హఠాత్తుగా పడిపోయినప్పుడు అది పగలకుండా పనిచేస్తుందా అన్నదాన్నీ కూడా పరీక్షిస్తారు.

ఇక వేడి సంగతి. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెల్సియస్ లోపు పరిసరాలలో వాడాలని తయారీదారు చెబుతాడు. ఎండాకాలంలో, ఏసీ ఇంకా అందని విమానంలో, అద్దం వెంట నేరుగా ఎండ పడే చోట బిగించిన టాబ్లెట్ ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. మొదట తెర వెలుగు తగ్గుతుంది, తరువాత ఛార్జింగ్ ఆగుతుంది, చివరికి చల్లబడేదాకా పనిచేయనని హెచ్చరిక చూపిస్తుంది. ఎండ తెర వేయడం, వాడనప్పుడు నీడలోకి తీయడం, ముందురోజు రాత్రే పూర్తిగా ఛార్జి చేసుకోవడం తప్ప దీనికి పెద్ద విద్య ఏదీ లేదు. బ్యాటరీ ఉబ్బి తెర అంచు లేచినట్టు కనబడితే మాత్రం ఇంకొక్క ట్రిప్పు వాడదామని చూడకుండా వెంటనే అప్పగించాలి. లిథియం బ్యాటరీ తనంతట తాను వేడెక్కడం మొదలుపెడితే మంట ఆర్పడం కంటే చల్లబరచడం ముఖ్యం, ఆ పని కాక్‌పిట్ వంటి ఇరుకు చోటులో ఎంత కష్టమో ఊహించవచ్చు.

కిటికీసీటు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆరిపోయిన టాబ్లెట్ వల్ల ఆలస్యమే తప్ప అపాయం తక్కువని అర్థమైంది. అయితే మా వృత్తిలో ఆగిపోయే ప్రోగ్రాము కంటే తప్పుడు జవాబును ధీమాగా చూపించే ప్రోగ్రామే ఎక్కువ భయపెడుతుంది. టేకాఫ్ లెక్కలు కూడా టాబ్లెట్ మీదే చేస్తారని విన్నాను. ఆ లెక్క తప్పితే పైలట్‌కు తెలుస్తుందా?

బరువులెక్క

కిటికీసీటు గారూ, మొదటి ప్రశ్నకంటే ఈ ప్రశ్న ముఖ్యమైనది. నేను లోడ్‌షీట్లు (విమానం మొత్తం బరువు, దాని పంపకం చూపే పత్రాలు) తయారుచేసే విభాగంలో పనిచేస్తున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

విమానం బరువు, రన్‌వే పొడవు, అది తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది, గాలి, ఉష్ణోగ్రత, వాయుపీడనం, రెక్కల వెనుక అంచున ఉండే ఫ్లాప్‌ల స్థితి, ఇవన్నీ ఇస్తే యాప్ మూడు వేగాలనూ, ఇంజిన్ల నుంచి రావలసిన శక్తినీ చెబుతుంది. ఆ మూడు వేగాలలో మొదటిది పరుగు ఆపాలా కొనసాగించాలా అన్న నిర్ణయానికి ఆఖరి హద్దు, రెండవది ముక్కు పైకెత్తవలసిన వేగం, మూడవది ఒక ఇంజిన్ ఆగిపోయినా క్షేమంగా పైకి ఎక్కగలిగే వేగం. ఇంజిన్లు అరిగిపోకుండా ఉండటానికి ప్రతి టేకాఫ్‌కూ పూర్తి శక్తిని వాడరు; ఆ రోజు బరువుకూ, ఆ రన్‌వేకూ నియమాలు కోరే భద్రత అంచుతో సరిపోయేంత శక్తినే వాడతారు. ఇందులోని చిక్కు ఏమిటంటే, బరువును తక్కువగా టైపు చేస్తే శక్తీ తగ్గుతుంది, వేగాలూ తగ్గుతాయి. రెండు తప్పులూ ఒకే వైపుకు లాగుతాయి కనుక ఒకదానిని చూసి మరొకదానిని అనుమానించే వీలుండదు. రన్‌వేలూ బరువులూ రోజురోజుకూ మారుతూ ఉండటం వల్ల, ఈవేళ విమానం మెల్లగా వేగం పుంజుకుంటోందన్న సంగతి ఒంటికి తెలియడం కూడా కష్టమే.

2009 మార్చి 20న మెల్‌బోర్న్ నుంచి దుబాయ్ బయలుదేరిన ఎమిరేట్స్ 407లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ ఎయిర్‌బస్ ఏ340-500 బరువు 362.9 టన్నులు కాగా, లెక్కలు చేసే ల్యాప్‌టాప్‌లో 262.9 అని నమోదైంది. ఒక్క అంకె తేడా, కాని అది వంద టన్నుల తేడా. యంత్రం తనకు ఇచ్చిన సంఖ్యకు తప్పులేని జవాబునే ఇచ్చింది. ముక్కు ఎత్తినా విమానం లేవకపోవడంతో కెప్టెన్ పూర్తి శక్తి ఇచ్చాడు. తోక రన్‌వేను రాసుకుంటూ, చివర దాటాక ఉన్న యాంటెనాను తగులుతూ విమానం ఎలాగో గాలిలోకి లేచి, తిరిగి వచ్చి క్షేమంగా దిగింది. అందులో 275 మంది ఉన్నారు. 2004 అక్టోబర్ 14న కెనడాలోని హాలిఫాక్స్‌లో ఎంకే ఎయిర్‌లైన్స్ 747 సరుకు విమానానికి ఆ అదృష్టం దక్కలేదు. దాదాపు 353 టన్నుల బరువుతో బయలుదేరిన ఆ విమానానికి, అంతకుముందు టేకాఫ్ నాటి సుమారు 240 టన్నుల బరువుతోనే లెక్క జరిగి ఉంటుందని దర్యాప్తులో తేలింది. సిబ్బంది అలసట కూడా అందుకు తోడైంది. అందులోని ఏడుగురూ మరణించారు. ఈ రెండు సంఘటనలూ టాబ్లెట్ల కాలానికి ముందువే, అక్కడ ఉన్నవి ల్యాప్‌టాప్‌లే. కాని టైపు చేసిన సంఖ్యను ప్రశ్నించకుండా నమ్మే స్వభావం తెర పరిమాణంతో మారేది కాదు.

అందువల్ల ఇద్దరు పైలట్లూ ఎవరి పరికరంలో వారు, లోడ్‌షీట్ నుంచి ఎవరికి వారు చదువుకొని విడిగా లెక్క చేయాలి, ఆ తరువాతే ఫలితాలు పోల్చుకోవాలి. ఒకరు బరువు చదువుతుంటే మరొకరు టైపు చేసే చోట రెండు పరికరాలలోనూ ఉన్నది ఒకే లెక్క. ఆలస్యమైన రోజున, ఆఖరి నిమిషంలో రన్‌వే మారినప్పుడు, ఈ పద్ధతి సడలే ప్రమాదం ఎక్కువ. పరికరాల సంఖ్యను పెంచడం కంటే ఆ రెండు మూడు నిమిషాలను పైలట్లకు మిగల్చడం మేలని నా అభిప్రాయం, దీనితో విమానాలను సమయానికి పంపించవలసినవారు ఏకీభవించకపోవచ్చు.

ఇంకొక మెలిక కూడా ఉంది. టాబ్లెట్ ఇచ్చిన జవాబు చాలా విమానాలలో నేరుగా విమానంలోకి వెళ్లదు. పైలట్ చూసి మళ్లీ ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌లో టైపు చేస్తాడు. 2017 జులై 21న బెల్‌ఫాస్ట్‌లో ఒక బోయింగ్ 737-800 విషయంలో పొరపాటు ఆ రెండవ టైపింగ్ దగ్గర జరిగింది. బయటి ఉష్ణోగ్రత 16 డిగ్రీలు ఉంటే, విమాన కంప్యూటర్‌లో మైనస్ 52 అని పడింది. ఇంజిన్లకు చాలా తక్కువ శక్తి అందింది, విమానం రన్‌వే చివర దాటాక ఉన్న ఒక దీపాన్ని తగిలి మెల్లగా పైకెక్కింది. ఎవరికీ గాయాలు కాలేదు.

పాతపుట

పదవీ విరమణ చేసిన కెప్టెన్‌ను. పైన చెప్పినవన్నీ చదివి కాగితమే నయమనుకునేవారు ఉంటారు కనుక ఒక మాట. కాగితంలోనూ ఇవే పొరపాట్లు జరిగేవి. పట్టికలో పక్క వరుస చదవడం, నిన్నటి బరువు ఇవాళ రాయడం అప్పుడూ ఉన్నాయి. చార్టుల సవరణలు వచ్చినప్పుడల్లా పాత పుటలు తీసి కొత్తవి చేతితో చొప్పించేవాళ్లం; ఒక పుట తప్పు చోట చేరిందంటే అవసరమైన రాత్రి అది దొరికేది కాదు. ఎల్రీ జెప్పెసన్ అనే పైలట్ తన నోట్‌బుక్ ప్రతులను 1934లో పది డాలర్లకు అమ్మడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ సంచి పెరుగుతూనే వచ్చింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో కాగితం మాన్పించేనాటికి ఒక్కొక్క సంచి బరువు 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు. ఆ బరువు తగ్గడం వల్ల ఏడాదికి నాలుగు లక్షల గ్యాలన్ల ఇంధనం మిగులుతుందని ఆ సంస్థ అంచనా వేసింది. పైలట్ల భుజాలకూ నడుములకూ మిగిలినది ఆ లెక్కలో లేదు.

అయితే కాగితానికి ఒక గుణం ఉండేది. చార్టు మొత్తం ఒకేసారి కళ్ల ముందు ఉండేది. టాబ్లెట్ మీద రన్‌వే దగ్గరి భాగాన్ని పెద్దది చేసుకుంటే అంచులో ఉన్న ఎత్తు పరిమితి తెర దాటిపోతుంది, అది ఉందన్న సంగతే గుర్తురాదు. అందుకని దిగే పద్ధతిని చర్చించుకునేటప్పుడు చార్టును పూర్తి పరిమాణంలో పెట్టుకోవాలని నేను సహచరులకు చెబుతూ ఉండేవాడిని. తల దించుకొని తెరలో వేలితో వెతికే పని ఏదైనా ఇద్దరిలో ఒక్కరే చేయాలి. 2009లో నార్త్‌వెస్ట్ 188 విమానం పైలట్లు సొంత ల్యాప్‌టాప్‌లు చూసుకుంటూ, తాము దిగవలసిన మినియాపొలిస్‌ను వంద మైళ్లకు పైగా దాటిపోయిన తరువాత, విమానం నడుపుతూ సొంత పనికి ఇటువంటి పరికరాలు వాడకూడదని అమెరికా 2014లో నిబంధన తెచ్చింది. విధి నిర్వహణకు వాడే పరికరమైనా కళ్లను కిందికి లాగడంలో దానికేమీ తీసిపోదు.

కుడిసీటు

కిటికీసీటు గారు తప్పకుండా అడగబోయే భద్రత సంగతి కూడా చెబుతాను. ఎయిర్‌బస్ వారి ఫ్లైస్మార్ట్ ప్లస్ యాప్‌లో, సర్వర్‌తో మాట్లాడేటప్పుడు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేసే రక్షణను నిలిపివేసి ఉంచారని పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే బ్రిటిష్ సంస్థ కనిపెట్టి, లోపం సరిచేసిన తరువాత 2024 ఆరంభంలో వివరాలు వెల్లడించింది. పైలట్ హోటల్ వైఫై మీద డేటా దించుకునే సమయానికి అదే నెట్‌వర్క్‌లో మాటువేసినవాడు ఉంటే, లెక్కలకు ఆధారమైన సమాచారాన్నే మార్చే వీలుండేదని వారి వాదన. అలా నిజంగా చేయాలంటే చాలా విషయాలు కలిసిరావాలి, నిజమే. అయినా బరువులెక్క గారు చెప్పిన విడివిడి లెక్కలకు ఇక్కడ ఒక పరిమితి ఉందన్నది గమనించాలి: రెండు టాబ్లెట్లలోకీ ఒకే చెడిన డేటా దిగి ఉంటే రెండు జవాబులూ చక్కగా సరిపోలుతాయి. అందుకే అప్‌డేట్లను సంస్థ నిర్వహించే నెట్‌వర్క్ మీదే చేసుకోవడం మంచిది.

కిటికీసీటు

మరి లోడ్‌షీట్‌లోనే బరువు తప్పు పడితే? ఇద్దరూ విడిగా లెక్కించినా ఒకే తప్పు వస్తుంది కదా.

బరువులెక్క

వస్తుంది. అక్కడ పనికివచ్చేవి రెండు. మొదటిది, బయలుదేరడానికి గంట ముందే చేతికి వచ్చే ఫ్లైట్ ప్లాన్‌లోని అంచనా బరువు; చివరి లోడ్‌షీట్ దానికి దగ్గరగా లేకపోతే కారణం తెలిసేదాకా ముందుకు వెళ్లకూడదు. రెండవది విమానమే చేసే తనిఖీ. ఎయిర్‌బస్ తన టేకాఫ్ సర్వైలెన్స్ సౌకర్యంలో, నమోదైన బరువూ వేగాలూ నమ్మదగిన హద్దులలో ఉన్నాయా, ఉన్న రన్‌వే సరిపోతుందా అని చూసి హెచ్చరించే ఏర్పాటు చేసింది. 737లోనూ కొత్త సాఫ్ట్‌వేర్ వెర్షన్లు నమోదైన ఉష్ణోగ్రతను బయటి సెన్సర్‌తో పోల్చి చూడగలవు. బెల్‌ఫాస్ట్‌లో బయలుదేరిన ఆ విమానంలో ఉన్నది అంతకు ముందటి వెర్షన్. అటువంటి తనిఖీ లేని విమానాలు ఇంకా చాలా ఎగురుతున్నాయి. వాటిలో, ఈ బరువుకు ఈ వేగాలు మామూలుగా ఇంత ఉండాలి కదా అని ఆ రకం విమానాన్ని ఎరిగిన పైలట్ ఆగి అడగడమే మిగిలిన తనిఖీ.